జప్తులో ఉన్న సాయంత్రం

ఇంటిపన్ను బకాయి కింద పురపాలక సంఘం వాళ్ళు ఒక మంగళవారం నాడు రూతమ్మ, ఇస్సాకుల సాయంత్రాన్ని జప్తు చేసి, ఖాకీ గుడ్డసంచిలో పెట్టి, లక్క ముద్ర వేసి తీసుకువెళ్ళారు. సంచి మూతికి కట్టిన అట్టముక్క మీద "సాయంత్రం ఒకటి. ఐదు నుంచి ఏడు వరకు. వాడకంలో ఉన్నది. స్థితి బాగు" అని రాశారు.

జప్తుకు వచ్చిన బిల్లు కలెక్టరు మస్తాన్‌వలి మర్యాద తెలిసినవాడు. చెప్పులు బయటే విప్పి లోపలికి వచ్చాడు. ఉన్నవి రెండు గదులు. నిబంధనల ప్రకారం మంచం ముట్టుకోకూడదు, వంటసామాను ముట్టుకోకూడదు. బతుకుతెరువుకు వాడే పనిముట్లు కూడా వదిలేయాలి కనుక రూతమ్మ కుట్టుమిషను, ఇస్సాకు టార్చిలైటు లెక్కలోకి రాలేదు. ఇక మిగిలింది గోడ గడియారం. దానికి పెద్ద ముల్లు లేదు. ఏం రాయాలో తోచక అతను అరుగు మీద కూర్చున్నాడు. రూతమ్మ టీ ఇచ్చింది.

అప్పుడు ఐదుంబావు అయింది. ఎదురుగోడ మీద ఎండ సగానికి దిగింది. రూతమ్మ చేటలో గోంగూర ఒలుస్తోంది. ఇస్సాకు ఆమె పక్కనే కూర్చుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు. నిన్న కూరలో ఉప్పు తక్కువైందా అని ఆమె అడిగింది. సరిపోయిందని అతను చెప్పాడు. కొంతసేపటికి, కొంచెం తక్కువేలే అన్నాడు. ఆమె నవ్వి గోంగూర కాడతో అతని మోచేతి మీద కొట్టింది. మస్తాన్‌వలి గ్లాసు కింద పెట్టాడు. ఇరవైరెండేళ్ళ సర్వీసులో విలువైన వస్తువును కనిపెట్టడం అతనికి బాగా అలవాటైంది.

"ఇది రోజూ ఇట్టాగే ఉంటదా అమ్మా?" అని అడిగాడు.

"ఏంది?"

"ఈ పూట."

"ఉంటది. ఆయన డ్యూటీకి పొయ్యేదాకా."

"అయితే ఇదే రాసుకుంటాను. ఏమనుకోబాక."

సాక్షులుగా ఇస్త్రీబండి అతను, ఎదురింటి సుబ్బాయమ్మ సంతకాలు పెట్టారు. "మాది తీసుకుపోరాదూ? సాయంత్రమైతే మా ఆయన సణుగుడు ఇనలేక చస్తన్నా" అంది సుబ్బాయమ్మ. వాళ్ళకు బకాయి లేదని మస్తాన్‌వలి విచారంగా చెప్పాడు.

రూతమ్మ బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో పనిచేస్తుంది. పొద్దున ఏడున్నరకు బయలుదేరితే ఐదింటికి తిరిగి వస్తుంది. ఇస్సాకు జిన్నింగు మిల్లులో వాచ్‌మన్. రాత్రి ఏడున్నరకు గేటు దగ్గర ఉండాలి, పొద్దున ఎనిమిదికి ఇల్లు చేరతాడు. ఇంట్లో ఉండేది ఇద్దరే. పెళ్ళై పందొమ్మిదేళ్ళు. ఆ పందొమ్మిదేళ్ళూ వాళ్ళు కలిసి ఉన్నది ఐదు నుంచి ఏడు వరకు. మిగతా ఇరవైరెండు గంటలూ ఒకరికొకరు వండి మూతపెట్టుకుంటూ, ఒకరి దుప్పటి ఒకరు మడతపెట్టుకుంటూ గడుపుకొచ్చారు.

నిజానికి పన్ను ఎగ్గొట్టే మనుషులు కారు. పదకొండేళ్ళుగా ఇస్సాకు ఏటా ఏప్రిల్ నెలలో, నిద్ర మానుకుని మరీ, లైన్లో నిలబడి పన్ను కట్టాడు. ఇంటి నంబరు ఎంత అని కౌంటరులో అడిగితే గోడ మీద పసుపు రంగుతో రాసి ఉన్న నంబరు చెప్పాడు. అది దోమల మందు కొట్టేవాళ్ళు తమ గుర్తు కోసం రాసుకున్న నంబరు. పురపాలక సంఘం లెక్కలో ఆ నంబరు మూడు వీధుల అవతల ఉన్న పొగాకు గోడౌనుది. రసీదు మీద ప్రతి ఏడూ తన పేరు కాకుండా ఇంకొకాయన పేరే వచ్చేది. అది కమిషనరుగారి పేరు అయి ఉంటుందని ఇస్సాకు అనుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఒకే కమిషనరు ఉన్నందుకు సంతోషించాడు కూడా.

జప్తు అయిన మర్నాడు రూతమ్మ ఎప్పటిలాగే వీధి మలుపు తిరిగింది. అరుగు మీద కాలు పెట్టేసరికి ఐదయింది. రెండో కాలు పెట్టేసరికి ఏడయింది. వీధిలైట్లు వెలిగి ఉన్నాయి. ఇస్సాకు సైకిలు పట్టుకుని ఎదురొచ్చాడు. అప్పుడే నిద్రలేచిన ముఖం, కడుక్కోవడానికి కూడా వ్యవధి లేకపోయింది. గుమ్మంలో ఒకరి భుజం ఒకరికి తగిలింది.

"తిన్నావా?" అంది రూతమ్మ.

"ఎప్పుడు?" అన్నాడు ఇస్సాకు. ఆ మాట కోపంతో అనలేదు, నిజంగానే తెలియక అడిగాడు.

ఇంటి దగ్గర కాకుండా ఇంకెక్కడైనా కలుసుకుంటే కుదురుతుందేమోనని చూశారు. ఒకరోజు చర్చి మెట్ల మీద, ఒకరోజు బస్టాండులో. కానీ జప్తు గోడల మీద కాదు, మనుషుల మీద ఉంది. ఎక్కడ ఉన్నా ఐదు తర్వాత ఏడే వచ్చింది. ఆ రెండు గంటలూ వాళ్ళిద్దరూ ఎక్కడ ఉంటారన్నది చట్టంలో రాయలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆదివారం షెడ్డుకు సెలవు. ఆ పగలంతా రూతమ్మ అతని మంచం పక్కన కూర్చుని విసనకర్ర విసురుతూ గడిపింది. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషిని లేపబుద్ధి కాలేదు. కొన్నాళ్ళకు ఇస్సాకు ఆదివారాల్లో పావుతక్కువ ఐదుకు అలారం పెట్టుకున్నాడు. అట్లా చిక్కిన పావుగంటలో అతను ముఖం కడుక్కునేవాడు, ఆమె టీ పెట్టేది. రెండో ఆదివారం టీ పొంగుతుండగా ఐదయింది. దించి చూసేసరికి చల్లారి మీగడ కట్టి ఉంది. ఇంకో ఆదివారం పావుగంటా పన్ను గురించే మాట్లాడుకోవడంతో అయిపోయింది.

"ఆఫీసుకు పోయొస్తా. రసీదులు యాడ పెట్టావు?" అంది రూతమ్మ.

"బైబిల్లో. కీర్తనల దగ్గర చూడు" అన్నాడు ఇస్సాకు సైకిలెక్కుతూ.

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు భ్రమరాంబ పదకొండు రసీదులనూ ఒక్కొక్కటిగా, ఏ తొందరా లేకుండా చదివింది.

"కట్టారమ్మా. కట్టలేదని ఎవరూ అనటంలేదు. మీ ఇంటికి కట్టలేదు, అంతే."

"పొరపాటే మేడం. ఆ డబ్బు ఇటు మార్చండి."

"గోడౌను ఆయన అభ్యంతరం చెప్తే?"

"ఆయన కట్టలేదు గదా మేడం!"

"కట్టలేదు. కానీ పదకొండేళ్ళు బకాయి లేదని మొన్న ఆయనకు శాలువా కప్పాం. ఇప్పుడు మార్చాలంటే ముందు శాలువా వెనక్కి తీసుకోవాలి. శాలువా వెనక్కి తీసుకునే రూలు మాకు లేదు."

అదీ నిజమేననిపించింది రూతమ్మకు. బకాయి వడ్డీతో కలిపి పద్దెనిమిది వేల నాలుగు వందలు. తొంభై రోజుల్లో కట్టకపోతే సాయంత్రాన్ని వేలం వేస్తారు. ఇప్పటికి ఒక్క దరఖాస్తే వచ్చింది. అది గోడౌను యజమానిది. కొత్తగా కట్టిన మేడ మీద పెట్టుకోవడానికి ఆయనకు మంచి సాయంత్రం ఒకటి కావాలట. ఉత్తమ పన్నుదారు కనుక ఆయనకే మొదటి అవకాశం.

రూతమ్మ రసీదులు మడిచి చేతిలో పట్టుకుంది. "ఒకసారి చూడొచ్చా మేడం?" అని అడిగింది.

చూడవచ్చు. తనిఖీ రుసుము పది రూపాయలు. మస్తాన్‌వలి తాళం తీసి ఆమెను వెనకగదిలోకి తీసుకువెళ్ళాడు. ఇనప అరల నిండా ఖాకీ సంచులు. ఒక హోటలు యజమాని ఆదివారం, రిటైరైన డ్రిల్లు మాస్టారి తెల్లవారుజాము, ఎవరో ముగ్గురు అన్నదమ్ముల ఉమ్మడి వానాకాలం. రూతమ్మ అట్టముక్కలు చదవలేదు. కింది అరలో ఒక సంచి దగ్గరకు తిన్నగా వెళ్ళి చెయ్యి ఆనించింది. ఎండ తగిలిన గోడలాగా వెచ్చగా ఉంది. లోపలినుంచి బూటు పాలిష్ వాసన సన్నగా వస్తోంది.

"లోపల చెయ్యి పెట్టకూడదమ్మా. పైనుంచే."

"పైనుంచేలే అన్నా. ఇక్కడ ఎలకలు ఉన్నయ్యా?"

"మందు పెడతన్నాం. నీదానికేం కాదు, నేను చూసుకుంటాగా." అతను పై అర చూపించాడు. "అదుగో, ఆ చివరిది నాది. బుధవారం మధ్యాహ్నం."

"నువ్వూ పన్ను కట్టలేదా?"

"కట్టా. టార్గెట్టుకు వసూళ్ళు తక్కువైనయ్యని నాచేత పెట్టించారు."

రూతమ్మ చెయ్యి తియ్యకుండా చాలాసేపు నిలబడింది. మస్తాన్‌వలి తాళంచెవి వేలికి తగిలించుకుని, ఆమెను తొందరపెట్టకుండా అటు తిరిగి నిలబడ్డాడు.

బయటికి వచ్చాక భ్రమరాంబ ఆమెను మళ్ళీ పిలిచింది. ఆవిడకూ జాలి కలిగింది. "ఒక దారి ఉందమ్మా. పని నిమిత్తం విడుదల అని ఒక ఫారం ఉంటుంది. సాయంత్రం ఇవ్వం గానీ, అందులో గంటలు ఇస్తాం. సంపాదించి బకాయి కట్టుకోవచ్చు. వాయిదాలు తప్పకుండా కడితే వేలం ఆపుతాం. భార్యాభర్తలు మాత్రం వేరువేరు చోట్ల ఉండాలి. ఒక్కచోట కనిపిస్తే గంటలు రద్దు."

ఆ పైవారం నుంచి రూతమ్మ ఐదు నుంచి ఏడు వరకు షెడ్డులో ఓవర్‌టైం కుట్టింది. ఇస్సాకు ఐదుకే మిల్లుకు వెళ్ళి కాటా దగ్గర పత్తి బోరేలు లెక్కపెట్టాడు. చెప్పినట్టే గంటలు వచ్చాయి. ఎండ మాత్రం రాలేదు, చల్లగాలి రాలేదు. గడియారంలో ఐదున్నర అయ్యేది, ఆరయ్యేది. కిటికీలో చూస్తే వెలుగు ఏ రంగూ లేకుండా, తెల్లకాగితంలా ఉండేది. తక్కినదంతా సంచిలో ఉందని రూతమ్మకు తెలుసు. అందుకే తలవంచుకుని కాజాలు కుట్టుకుంది.

ఎనిమిది నెలలు పట్టింది. ఆఖరి వాయిదా కట్టిన మూడోనాడు మధ్యాహ్నం మస్తాన్‌వలి సైకిలు వెనక సంచి కట్టుకుని షెడ్డు దగ్గరకే వచ్చాడు. స్ప్రింగు కాటా తెచ్చి ఆమె ఎదుటే తూచాడు. తీసుకెళ్ళినప్పుడు కిలో రెండు వందల గ్రాములు. ఇప్పుడూ అంతే. ముద్ర చెదరలేదు. రూతమ్మ సంతకం పెట్టి సంచిని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది.

"ఎట్టా వాడాలన్నా?"

"ఏముంది, ముడి విప్పటమే. విప్పిన కాడినుంచి రోజూ ఐదింటికి వస్తది. ఇద్దరూ ఉన్నప్పుడే విప్పండి. ఇంట్లో ఎవరూ లేకపోతే కిటికీలోంచి ఎల్లిపోద్ది, మళ్ళీ దొరకదు. విప్పకుండా ఉంటే ఎన్నేళ్ళైనా చెడదు."

రూతమ్మ తిన్నగా సూపర్‌వైజరు వెంకటరత్నం దగ్గరకు వెళ్ళి, బకాయి తీరిపోయింది కనుక రేపటినుంచి నాలుగున్నరకే వెళ్తానంది.

"నాలుగున్నరేంటమ్మా? మన టైము ఏడు గదా" అన్నాడతను.

"అది ఓవర్‌టైం గదా సార్. నేను అడిగితే ఇచ్చారు."

"ముందు నువ్వే అడిగావు. తర్వాత ఇంకో పదిమంది అడిగారు, అందరివీ జప్తులేనంట. ఇట్టా కాదని మొన్న మొత్తానికీ ఏడే చేసేశాం. జీతం కూడా దానికే కలిపేశారు. నాలుగున్నరకు ఎల్తే సగం రోజు కింద పడుద్ది."

ఆ ఆదివారం డ్యూటీకి బయలుదేరే ముందు చిక్కిన పావుగంటలో ఇస్సాకు చెప్పిన సంగతి కూడా అదే. మిల్లులో వాచ్‌మన్ డ్యూటీ ఐదింటి నుంచి అని బోర్డు మార్చారు. మానేద్దామా అని అతను అడిగాడు. మానేస్తే పన్ను ఎట్లా కడతామని ఆమె అడిగింది. పన్ను కట్టకపోతే సంచి మళ్ళీ ఆఫీసుకు పోతుంది. ఇద్దరికీ అది అర్థమైంది. ఆ పావుగంట అయిపోయేలోపే ఒక నిర్ణయానికి వచ్చారు.

"తీరిక చూసుకుని విప్పుదాంలే రూతూ. మన ఇంట్లోనే ఉందిగా" అన్నాడు ఇస్సాకు.

"ఆఁ, యాడికి పోద్ది" అంది రూతమ్మ.

సంచిని పడకగదిలో గూట్లో, తేమ తగలకుండా ప్లాస్టిక్ కాగితం పరిచి పెట్టారు. పురపాలక సంఘం ఈ ఏడు పంపిన పన్ను నోటీసులో గదులు రెండు, సాయంత్రం ఒకటి అని వేసింది. వాడని సాయంత్రానికి పన్ను కొంచెం ఎక్కువ. ఈసారి సరైన నంబరు మీదనే కట్టారు. వీధిలో మరో ఆరు ఇళ్ళలో ఇట్లాంటి సంచులు ఉన్నాయి. ఎవరింటికైనా చుట్టాలు వస్తే తీసి చూపిస్తారు. అందరూ ముట్టుకుని, అబ్బ, ఎంత వెచ్చగా ఉందో అని చెప్పుకుంటారు.

ఇస్సాకు ఇంటికి వచ్చేసరికి రూతమ్మ వెళ్ళిపోయి ఉంటుంది. ఆమె వచ్చేసరికి అతను ఉండడు. పడుకునే ముందు అతను గూటి దగ్గర నిలబడి సంచి మీద చెయ్యి వేస్తాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఖాకీగుడ్డ మీద ఒక పక్కన, మనిషి అరచెయ్యంత మేర, నలిగి మెత్తబడింది. పొద్దున పనికి వెళ్ళబోతూ రూతమ్మ తన చెయ్యి సరిగ్గా అక్కడే ఆనిస్తుంది. లెక్కపెట్టి పది శ్వాసలు. అంతకంటే ఎక్కువైతే బస్సు అందదు.