బద్రి ఇంటి బెంచీ మీదనుంచి మాల్వినా లేచిన వైనం

ద్రాక్షపందిళ్ళు తమ భారమంతా దించుకొని తేలికపడి నిట్టూర్చే శరత్కాలాన, భూగర్భంలో పాతిన మట్టికాగుల్లో కొత్త ద్రాక్షరసం గుడగుడమని తనలో తాను మాట్లాడుకొనే వేళ, జార్జియా దేశపు ఇమెరేతి కొండల పాదాల చెంత, దారి ఎవరిదన్న విషయమై కోళ్ళూ పందులూ నిత్యం తగవులాడుకొనే ఒక చిన్న గ్రామంలో, బద్రి అనే మహాగృహస్థు ఇంట, తూర్పుగోడ నానుకొని ఒక బెంచీ ఉండేది. ఓ వినువారలారా! ముందుగా ఆ బెంచీకి చేతులు జోడించండి. అక్రోటు చెక్కతో చేయబడినది, అతిథుల పృష్ఠభాగాల రాపిడితో అద్దంలా నునుపెక్కినది అయిన ఆ బెంచీ మీద కూర్చున్న ఘనులు ఎందరో కలరు. తామనుకున్న వేళకు లేచినవారు మాత్రం ఒక్కరూ లేరు.

ఆ బెంచీ నట్టనడుమ, వెనక గోడ, ఎదుట కొండంత బల్ల, ఇరుపక్కలా ద్వారపాలకులవంటి బంధుమిత్రులు చుట్టుముట్టగా, ఆ శుక్రవారపు ఉదయాన చిక్కుకొన్న వీరకన్య పేరు మాల్వినా. పోలండు దేశాన లుబ్లిన్ నగరం ఆమె పుట్టినిల్లు. సర్వదేశధూళిధూసరితపాదుక, ఏకైకపంట్లాముధారిణి, వీపున మూటతో పర్వతాలను దాటినది, ఎడారిలో బస్సు చెడిపోతే ఒంటెవానితో బేరమాడినది, ఒకే సబ్బుతో తలను, బట్టలను, గిన్నెలను కడిగి సబ్బునే ఆశ్చర్యపరచినది! అట్టి మాల్వినా తన యాత్రలో చివరి వారాలను ఈ గ్రామంలో ద్రాక్షకోతలో గడిపి, ఆ పల్లె మాటలు నేర్చుకొని, వేళ్ళు నల్లబడగా, మనసు నిండగా, ఆ ఉదయం ఇంటికి పయనమైంది.

ఆమె పయనం వెనక ఒక భీషణ ప్రతిజ్ఞ ఉంది. ఆమె బయలుదేరిన నాడు ఆమె తండ్రి, లుబ్లిన్ వీధులలో బస్సు నడిపే పెద్దమనిషి, "నా బిడ్డ తిరిగొచ్చేదాకా ఈ గడ్డానికి కత్తి తగలనివ్వను" అని శపథం చేశాడు. ఆమె నెలలో తిరిగి వస్తుందని ఆయన లెక్క. ఆమె ఏడాది తిరిగింది. మొన్న తల్లి ఫోనులో కేక పెట్టింది.

"మీ నాన్న గడ్డంలో బీట్‌రూట్ చారు చిక్కుకుంటోందే! బస్సెక్కిన పిల్లలు జడుసుకుంటున్నారు. శుక్రవారం వస్తే వచ్చావు, లేకపోతే ఈ ఇంట్లో ఆ గడ్డమైనా ఉండాలి, నేనైనా ఉండాలి!"

వెంటనే తండ్రి ఫోను లాక్కొని, "తొందరేం లేదులే తల్లీ, నింపాదిగా రా" అన్నాడు. ఆ నింపాది అన్న మాట దగ్గర ఆయన గొంతు కొద్దిగా వణికింది. పర్వతాలకు చలించని మాల్వినా ఆ వణుకుకు చలించిపోయింది.

విమానం మధ్యాహ్నం కుతయిసి నగరం నుంచి. అది తప్పితే మళ్ళీ వారానికి. ఆ నగరానికి గ్రామం నుంచి రోజుకొక్కటే వ్యాను, జుంబేర్ అనేవాడిది. అది రావలసిన వేళ దగ్గరపడుతోంది. మూట కట్టి గడప దగ్గర పెట్టిన మాల్వినాను చూసి బద్రి అన్నాడు:

"ఖాళీ కడుపుతో పంపిస్తే మా అమ్మ నన్ను ఇంట్లోంచి గెంటేస్తుంది. ఒక్క ముద్ద తినిపో పిల్లా. ఎంతసేపు, ఇట్టే అయిపోతుంది."

ఇట్టే అయిపోతుంది! అహో, ఆ రెండు పదాలు మింగిన ప్రయాణాలెన్ని! ఆమె కూర్చుంది. కూర్చున్న మరుక్షణమే పక్కింటి అంజోర్ వచ్చి ఆమె కుడివైపు మార్గాన్ని తన భారీకాయంతో మూసివేశాడు. అతని బావమరుదులు ఎడమవైపు మార్గాన్ని మూసివేశారు. వంటింటి నుంచి బద్రి తల్లి ఎతేరి బామ్మ సేనలను కదిపింది. జున్ను నింపిన ఖచాపురి రొట్టెలు డాళ్ళవలె వచ్చి నిలిచాయి. చిక్కుడుగింజల కూర మట్టికుండలో సలసలమంటూ యుద్ధభేరి మ్రోగించింది. అక్రోటు ముద్దలో మునిగిన కోడి, దానిమ్మగింజలు చల్లిన పాలకూర, రేగుపళ్ళ పులుసు, వేడి మొక్కజొన్న రొట్టె, పళ్ళెం మీద పళ్ళెంగా పేర్చబడి, బల్ల చెక్క కానరానంతగా వ్యూహం పన్నాయి.

ఆ వ్యూహానికి అధిపతి బద్రి. ఆ దేశపు విందులలో తమదా అని ఒక సేనాని ఉంటాడు. ఆయన గ్లాసెత్తి దీవెన చెబుతాడు. దీవెన ముగిసేదాకా ఎవరూ బల్ల విడిచి పోరాదు, తాగరాదు. ముగిశాక అందరూ "గౌమర్జోస్!" అని, అంటే జయమగుగాక అని, గర్జించాలి. ఒకరి దీవెనకు మరొకరు కొనసాగింపు పలకాలి. ఎవరైనా లేచి నిలబడ్డారంటే, వారికి దీవెన పలికే కోరిక పుట్టిందని అర్థం. ఈ చివరి నియమం మాల్వినాకు తెలుసు. కాని ఆ ఉదయపు కంగారులో ఆమె దానిని మరిచింది. సర్వవిపత్తులకూ మూలం ఈ మరపే.

బద్రి గ్లాసెత్తాడు. మీసాలు సర్దుకొన్నాడు. కోళ్ళు సైతం మౌనం వహించాయి.

"మొదటిది శాంతికి! శాంతంటే ఏంటనుకున్నారు? తుపాకులు పేలకపోవడమా? కాదు! నా ఆవు అంజోర్ మొక్కజొన్న చేలో పడి మేసినా, ఆ అంజోరే వచ్చి నా బల్ల దగ్గర కూర్చుని, నా రొట్టె తుంచుకుని తింటున్నాడు చూడండి, అదీ శాంతి!"

"మేసింది ఒక్కసారా?" అన్నాడు అంజోర్, నోటినిండా రొట్టెతో. "ఇప్పుడు కూడా అక్కడే ఉండుంటుంది నీ శాంతి."

"గౌమర్జోస్!"

శాంతి నుంచి దేశానికి, దేశం నుంచి ద్రాక్షతీగకు, తీగ నుంచి దాన్ని నాటిన తాతకు, తాత నుంచి ఆయన పోగొట్టుకొన్న గొర్రెకు, గొర్రె నుంచి దాన్ని వెదికి పెట్టిన పరాయివాని మంచితనానికి, దాని నుంచి అతిథులందరికీ బద్రి వాక్ప్రవాహం సాగింది. గోడమీద గడియారం ముల్లు నిర్దయగా కదిలింది. మాల్వినా ఇక ఓర్వలేక, పళ్ళు బిగబట్టి, మోకాళ్ళలో బలమంతా కూడదీసుకొని, లేచి నిలబడింది.

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగాయి.

"లేచింది!" అన్నాడు అంజోర్ గుసగుసగా. "అమ్మాయి లేచిందిరోయ్. నోళ్ళు ముయ్యండి."

"అది కాదు, వ్యాను..." అంది మాల్వినా.

"వ్యానుకి దీవెనా!" బద్రి కళ్ళు మెరిశాయి. "ఇన్నేళ్ళలో నాకు తట్టనే లేదు. కానియ్ తల్లీ."

పట్టుబడిన వీరకన్య ఒక ఆయుధం వెతుక్కొంది. నిజం చెబితే జాలిపడి వదిలేస్తారని తలచింది. "మా నాన్న నా కోసం ఎదురు చూస్తున్నాడు బాబాయ్. నేను వెళ్ళేదాకా గడ్డం గీయనని ఒట్టేసుకున్నాడు. ఇవాళ వెళ్ళకపోతే..."

అయ్యో! మంటను ఆర్పబోయి నూనె పోసింది! బద్రి కళ్ళు చెమర్చాయి. ఎతేరి బామ్మ తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకొంది.

"విన్నారా!" బద్రి స్వరం దూలాలను కదిలించింది. "ఎక్కడో చలిదేశంలో ఒక తండ్రి! ఆయన బుగ్గలమీద పెరిగింది గడ్డమా? కాదు, బిడ్డ మీద బెంగ! ప్రతి వెంట్రుకా ఒక నిద్రలేని రాత్రి! ఆ గడ్డానికి దీవెన చెప్పకుండా ఈ విందు సాగుతుందా? నింపండి గ్లాసులు!"

గడ్డానికి బద్రి చెప్పాడు. గడ్డానికి అంజోర్ చెప్పాడు. ఆ గడ్డాన్ని భరిస్తున్న భార్య ఓర్పుకు ఎతేరి బామ్మ చెప్పింది. చివరి బావమరిది, మాటలు దొరక్క, గడ్డం మొలవని తన గవదను నిమురుకొంటూ చాలాసేపు నిలబడి, "అంతే" అని కూర్చున్నాడు. అది ఆనాటి దీవెనలన్నింటిలోకీ పొట్టిది కావడం చేత మాల్వినా అతనికి జన్మాంతం రుణపడింది.

అంతలో వీధిలో హారను మ్రోగింది! వ్యాను! ఆమె గుండె ఎగిరింది. జుంబేర్ గుమ్మంలో నిలబడి, "రామ్మా, అందరూ ఎక్కి కూర్చున్నారు, నీ కోసమే..." అన్నాడు. మిగతా మాట ఎతేరి బామ్మ అతని నోట్లో పెట్టిన ఖచాపురి కింద సమాధి అయింది.

"బండి తోలేవాణ్ణి బామ్మా, ఒక్క చుక్క కూడా పోయొద్దు," అన్నాడతను నమిలి మింగాక.

"పోస్తానన్నానా? నిమ్మసోడా తాగు. తినడానికేం రోగం?"

తినడానికి రోగం లేదని జుంబేరుకూ అనిపించింది. అతను కూర్చున్నాడు. రక్షించవచ్చిన సైన్యమే శత్రుశిబిరంలో పంక్తి పట్టింది! వ్యానులో ఉన్నవారైనా తొందరపెడతారేమోనని మాల్వినా కిటికీలోంచి చూసింది. వారికి బామ్మ అప్పటికే రొట్టెలు పంపించింది. అందరూ చేతులూపారు.

ఇక ధర్మయుద్ధం పనికిరాదని ఎంచి, మాల్వినా మాయాయుద్ధానికి దిగింది. బద్రి ఇప్పుడు గతించినవారిని తలుచుకొంటున్నాడు. అందరి తలలూ వాలి ఉన్నాయి. ఆమె మెల్లగా జారి, బల్ల కిందకు దూకి, బూట్ల అడవిలో పాకసాగింది. మొక్కజొన్నపిండి తలమీద రాలింది. సాలెగూడు ముసుగులా పడింది. ఒక కోడి ఆమెను ముఖాముఖి ఎదుర్కొని, కొంతసేపు పరిశీలించి, దారి ఇచ్చింది. అవతలి వైపు, గుమ్మానికి రెండడుగుల దూరాన, ఆమె తలెత్తింది.

సరిగ్గా అప్పుడే బద్రి గంభీరంగా అన్నాడు: "వాళ్ళు పోయారంటే నేను నమ్మను. ఇక్కడే ఉన్నారు. మన మధ్యే ఉన్నారు."

నెరిసిన తలతో, తెల్లని ముసుగుతో, బల్ల కింద నుంచి ఒక ఆకారం లేచింది.

"అత్తగారూ!" అని ఎతేరి బామ్మ కెవ్వుమని, పోయిన తన అత్తే లేచి వచ్చిందనుకొని, శిలువ గీసుకొంది. అంజోర్ చేతిలో గ్లాసు జారింది. "అవ్వా, ఆ నిచ్చెన నేను తియ్యలేదు, మా అన్న తీశాడు!" అని అతను ఏనాటిదో నేరాన్ని అన్న మీదకు నెట్టాడు.

అది మాల్వినా అని తెలిశాక పుట్టిన నవ్వుకు చూరు కింద పిచ్చుకలు లేచిపోయాయి. "చోటు నచ్చకపోతే చెప్పొచ్చు కదా పిల్లా!" అంటూ బద్రి కళ్ళు తుడుచుకొని, ఆమె చేయి పట్టుకొని, సకలమర్యాదలతో తీసుకెళ్ళి, మళ్ళీ ఆ బెంచీ నట్టనడుమనే కూర్చోబెట్టాడు.

వీరకన్య తల వాల్చింది. ఒక కన్నీటిచుక్క పులుసులో పడింది. అది చూసిన ఎతేరి బామ్మ, తలలోని పిండి దులుపుతున్న నెపంతో వంగి, చెవిలో అంది:

"పిచ్చిదానా, వాడి చేతుల్లోంచి పాకి ఎవరు బయటపడ్డారు? పొద్దున్నించీ ఆవుకి చెప్పాడు, గొర్రెకి చెప్పాడు, మీ నాన్న గడ్డానికి చెప్పాడు. వాడికెవరన్నా చెప్పారా? తమదాకి చెబితే ఇంక ఆఖరే. ఆ తర్వాత పుణ్యాత్ముల పేరొక్కటే. కానీ ఊరికే చెప్పకు. మనసుతో చెప్పు. కోత అయిపోతే ఇల్లు బోసిపోతుందని వాడి ఏడుపు."

మాల్వినా లేచింది. ఆమె గ్లాసెత్తి బద్రి వైపు తిరిగింది.

"బాబాయ్, నేను ఎన్నో ఊళ్ళు తిరిగాను. అన్ని చోట్లా నన్ను 'ఎక్కణ్ణుంచి వచ్చావు' అని అడిగారు. నువ్వొక్కడివే 'తిన్నావా' అని అడిగావు. మొదటిరోజు నేను పండని గుత్తులన్నీ కోసేస్తే, ఒక్క మాట అనకుండా, అవి పులుపు కోసం కావాలన్నావు. అబద్ధమని బామ్మ తర్వాత చెప్పింది. పొద్దున్నించీ అందరికీ చెబుతున్నావు, నీకెవరూ చెప్పలేదు. ఇది నీకు."

అంతే. ఉపమానం లేదు, గొర్రె లేదు. వాక్సముద్రుడైన బద్రి నోరు తెరిచాడు. మాట రాలేదు. మీసాలు రెండుసార్లు కదిలాయి. "ఎండిపోయాడు!" అన్నాడు అంజోర్ భయభక్తులతో. "పుట్టినప్పట్నించీ చూస్తున్నా, మొదటిసారి ఎండిపోయాడు."

బద్రి గ్లాసు ఖాళీ చేసి, ఆఖరి దీవెన సకల పుణ్యాత్ముల పేరిట, ఆ ఇంటి చరిత్రలో ఎన్నడూ లేనంత పొట్టిగా చెప్పి, గ్లాసును బల్లమీద బోర్లించాడు.

"పోతావన్నమాట."

"పోతాను బాబాయ్."

"పో. మీ నాన్నకి చెప్పు, గడ్డం తీస్తే తియ్యమను. మీసం మాత్రం ఉంచమను. బద్రి చెప్పాడని చెప్పు." అని, బెంచీ మీదివాళ్ళను గద్దించాడు: "లేవండ్రా, దారివ్వండి! అమ్మాయి విమానం మీకోసం ఆగుతుందా?"

అంజోర్ లేచాడు! కోటగోడ కూలినట్టు వెలుతురు లోపలికి వచ్చింది. మాల్వినా బెంచీ దాటింది, బల్ల దాటింది, గడప దాటింది. మూటను ఎత్తబోతే ఎత్తలేకపోయింది. దానిలో బామ్మ రహస్యంగా అక్రోటు దండలను, జున్నుముద్దలను, ఒక చిన్న గుమ్మడికాయను చేర్చింది. జుంబేర్ రెండో పళ్ళేన్ని కన్నీటితో వీడి, ఆ మూటను మోశాడు.

వ్యానులో ఒక్క సీటూ ఖాళీ లేదు. ఒడిలో బాతును పెట్టుకొన్న ఒక ముసలాయన జాలిపడి లేవబోయాడు. "ఇటొచ్చి కూర్చో అమ్మాయ్, చాలా దూరం."

"వద్దు తాతా!" మాల్వినా కేకకు బాతు ఉలిక్కిపడింది. "మీకు పుణ్యముంటుంది, నన్ను మాత్రం కూర్చోబెట్టకండి!"

ఆమె పైకప్పుకు తల ఆనించి నిటారుగా నిలబడింది. ఒక చేత కడ్డీ, మరొక చేత జుంబేర్ పట్టుకొమ్మని ఇచ్చిన నిమ్మసోడా సీసా. అది చూసి వ్యానులో మాటలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. అందరూ ఆమె వైపు తిరిగారు. ముసలాయన టోపీ తీశాడు. జుంబేర్ మర్యాద కొద్దీ ఇంజను ఆపబోయాడు.

ప్రమాదం! అతని చేయి తాళంచెవిని తాకేలోగా ఆమె సీసా ఎత్తి, ఒక్క శ్వాసలో అరిచింది:

"మా నాన్న గడ్డానికి! దానికిదే ఆఖరి రోజు! పోనియ్ బాబాయ్!"

"గౌమర్జోస్!" అని వ్యానంతా గర్జించింది. బాతు కూడా తనకు తోచినది అంది. చక్రాలు కదిలాయి. ఓ వినువారలారా, కొండదారి మలుపులన్నింటా, వంతెనలన్నింటా, ఎందరు ఎన్నివిధాల బతిమాలినా, కుతయిసి విమానాశ్రయ ద్వారం దాకా, జయజయధ్వానాల మధ్య ఆ మాల్వినా నిలబడే వెళ్ళింది.