గడియ వెనక ఆఖరి పాఠం

ఆ ఉదయం తెలుగు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు స్నానం, పదింటికి బడి, పదిన్నరకు ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆఖరి పాఠం. సాయంత్రం నుంచి ఆయన రిటైరు.

ఆ పాఠం ఆయన కోరి ఎంచుకున్నదే. పాఠ్యపుస్తకం చివరి పేజీలో ఓ పాత పద్యం ఉంది. తుఫానులో ఒంటరి ఇల్లు, లోపల ఇంటాయన. "తలుపు తెరువు" అంటూ గాలి బాదుతుంది. లోపలి గడియ మాత్రం కదలదు. కష్టకాలంలో మనిషి గుండెబలం గురించి ఇంతకంటే గొప్పగా ఎవరూ చెప్పలేదని మాస్టారి నమ్మకం. కానీ అది చివరి పేజీ కావడంతో, అక్కడిదాకా వచ్చేసరికి ఏటా పరీక్షలు ముంచుకొచ్చేవి. "మిగిలింది మీరే చదువుకోండర్రా" అనేసి, ఆ తర్వాత సెలవులన్నీ కుమిలిపోయేవారు. ఈసారీ చెప్పకుండా దిగిపోతే తాను మాస్టారే కాదని తేల్చుకున్నారు. రాయగా రాయగా వ్యాఖ్యానం పద్నాలుగు పేజీలు వచ్చింది.

వారం రోజులుగా సాధనంతా స్నానాలగదిలోనే. అక్కడైతే గొంతు గంభీరంగా పలుకుతుంది. గాలి గర్జనా ఆయనే, ఇంటాయన ఆక్రందనా ఆయనే. "నేనేం అరిచినా రాకు, అదంతా పాఠమే" అని భార్యకు గట్టి ఆజ్ఞ. మొదటిరోజు కంగారుగా పరుగెత్తుకొచ్చి ఆవిడ చివాట్లు కూడా తిన్నది.

స్నానం ముగించి మాస్టారు గడియ లాగారు. రాలేదు. వానలకు తలుపు ఉబ్బి గడియ బిగుసుకుపోయింది. రెండు చేతులతో లాగినా అంతే.

"ఏమేవ్! తలుపు తియ్యి!" అని కేకేశారు.

వంటగదిలో గిన్నెలు తోముతున్న భార్య తల పంకించింది. గాలి ఘట్టం మొదలైందన్నమాట.

"ఎవరైనా ఉన్నారా! కాపాడండి!"

ఇది ఇంటాయన ఘట్టం. "నిన్నటికన్నా బాగుందండీ! ఇంకాస్త ఏడుపు కలపండి!" అందావిడ అక్కణ్నించే.

"ఇది పాఠం కాదే! నిజం! నిజంగానే ఇరుక్కుపోయాను!"

"ఆ ముక్క కొత్తగా చేర్చారా? ఒళ్లు జలదరించిందంటే నమ్మండి!"

పదీ నలభై అయినా మాస్టారి జాడ లేకపోయేసరికి హెడ్‌మిస్ట్రెస్ ప్యూన్‌ను పంపారు. బడి ఎదురు వీధిలోనే. ప్యూన్ గుమ్మంలో నిలబడి రెండు నిమిషాలు విని, వచ్చిన దారినే పరుగు తీశాడు.

"మాస్టారు ఇంట్లోనే మొదలెట్టేశారమ్మా! ఆలస్యం మనదే!"

ఆఖరి పాఠం ఇంట్లో చెప్పాలని మాస్టారు ముచ్చటపడ్డారు కాబోలనుకున్నారు హెడ్‌మిస్ట్రెస్. ముప్ఫై ఇద్దరు పిల్లల్ని వరస కట్టించి తీసుకొచ్చేశారు. ముందుగది చాలక నడవాలో స్నానాలగది తలుపు దాకా కూర్చుని అందరూ నోటుపుస్తకాలు తెరిచారు.

"తలుపు బద్దలు కొట్టండి!" అంది లోపలి గొంతు.

"రాసుకోండర్రా, ఒక్క ముక్క పోనివ్వద్దు" అన్నారు హెడ్‌మిస్ట్రెస్.

"రాయడం కాదు! వడ్రంగిని పిలవండి!"

"వడ్రంగి ఎవరు టీచర్?" అని ముందు కూర్చున్న పిల్ల అడిగింది.

హెడ్‌మిస్ట్రెస్ కళ్లు మూసుకుని చేతులు జోడించారు. "భగవంతుడమ్మా" అన్నారు భక్తిగా.

పిల్లలు అదీ రాసుకున్నారు.

మాస్టారు ఓడిపోయారు. బకెట్టు బోర్లించి, దానిమీద కూర్చుని నోరు మూసుకున్నారు. ముప్ఫై ఏళ్లుగా చెప్పలేకపోయిన పద్యం ఇక ఎప్పటికీ చెప్పలేరు. ఈసారి ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

బయట హెడ్‌మిస్ట్రెస్, వంటగది గుమ్మంలో నిలబడ్డ మాస్టారి భార్య వైపు తిరిగారు. "మాస్టారు గొంతు సవరించుకునేలోపు మీరు నాలుగు ముక్కలు చెప్పండి, వదినగారూ."

"నాకేం తెలుసండీ, వారం నుంచీ వినడమే" అంటూ ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. "గాలి ఎంత పెద్దదైనా తలుపును బాదగలదు, అంతే. గడియ లోపలుంది కదా! దాన్ని తీస్తే లోపలివాళ్లే తీయాలి. ఆ ఇంటాయన భయపడ్డాడు, ఏడ్చాడు. అయినా చెయ్యి గడియ మీదికి పోనివ్వలేదు. బలమంటే ఏడవకపోవడం కాదర్రా. ఏడుస్తూ కూడా గడియ తీయకపోవడం."

నడవాలో పిల్లల కలాలన్నీ ఒక్కసారిగా కదిలాయి. బకెట్టు మీద మాస్టారి గుండె ఉప్పొంగింది. ఆయన పద్నాలుగు పేజీల్లో ఎక్కడా ఆ మాట లేదు. అన్నది నా భార్య అని వీధి వీధికీ వెళ్లి చెప్పాలనిపించింది. గడియ రావాలి గదా!

ఇంతలో ఆవిడే ఉలిక్కిపడింది. "ఉండండి! నేను ఇంతసేపు పద్యం గురించి మాట్లాడితే ఆయన ఒక్క తప్పూ దిద్దకపోవడమా? లోపల ఏదో అయింది!"

పిల్లల్ని దాటుకుంటూ తలుపు దగ్గరికి పరుగెత్తింది. "ఏమండీ! మోకాలితో తలుపు నొక్కి, గడియ కాస్త పైకెత్తి లాగండి! వాన పడ్డప్పుడల్లా ఇలాగే చెయ్యమని చెబుతూనే ఉన్నాను, మీరు వింటేగా!"

ఈసారి ఆయన విన్నారు. గడియ సులువుగా వచ్చింది.

తువ్వాలుతో నిలబడ్డ మాస్టారిని చూడగానే ముప్ఫై ఇద్దరూ లేచి నమస్కారం పెట్టారు. ఆయన తువ్వాలు బిగించుకుని, ఛాతీ విరుచుకుని, "ఆఖరున చెప్పింది రాసుకున్నారా?" అని అడిగారు.

"రాసుకున్నాం మాస్టారూ!"

"పైన నేను అరిచిందంతా కొట్టేయండి. అదొక్కటే ఉంచి, కింద మా ఆవిడ చెప్పిందని రాయండి."

ఆవిడ సిగ్గుపడి వంటగదిలోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ బడి రిజిస్టరులో ఇలా రాశారు: "ఆఖరి పాఠం అద్భుతం. మాస్టారు మరీ నిరాడంబరులు, పాఠం ముగిసేదాకా బయటికే రాలేదు."