యాభయ్యో నంబరు చొక్కా

చిన్నపిల్లలకు లెక్కలు నేర్పుతున్నామని బోర్డులు కట్టుకున్న బడి పెద్దలారా, ఆ ఎనిమిది ఎర్ర చొక్కాలకు పట్టిన గతికి బాధ్యులు మీరే. తప్పించుకోవాలని చూడకండి, పిల్ల నోటుపుస్తకం సాక్ష్యం ఉంది. ఆ పుస్తకంలో చదవకుండా సంతకాలు పెట్టిన దర్జీనీ వదిలేది లేదు.

ఆ పొద్దున దర్జీ వేసుకున్న ప్రణాళిక మామూలుదే. బ్యాండులో వాయించే ఎనిమిదిమందికి ఎర్ర చొక్కాలు సాయంత్రం ఐదింటికల్లా ఇవ్వాలి. ఆరింటికి వాళ్ళు మైదానంలో వాయించాలి. చిరుగులు కుట్టుకుంటూ, పొడుగు ప్యాంట్లు పొట్టి చేసుకుంటూ నెట్టుకొస్తున్న కొట్టుకి అది మొదటి పెద్ద పని. ముందురోజే గుడ్డ కత్తిరించాడు. ఒక్కో చొక్కాకి ఆరు ముక్కలు: ముందుభాగాలు రెండు, వీపు, చేతులు రెండు, కాలరు. అలా ఎనిమిది దొంతర్లు వరసగా పెట్టాడు. గుడ్డంతా ఒకటే ఎరుపు కాబట్టి ప్రతి ముక్క లోపలి వైపు సుద్దతో నంబరు వేశాడు. మొదటి మనిషి ముక్కలు ఆరింటి మీదా ఒకటి, రెండో మనిషివాటి మీద రెండు, అలాగ.

ఏడింటికి ఐదేళ్ళ కూతురు పుస్తకం పట్టుకొచ్చింది. ఇంట్లో అందరూ దాన్ని పిడుగు అంటారు.

"నాన్నా, ఇంట్లో ఉన్నవి చూసి యాభై దాకా లెక్కపెట్టమన్నారు. ఒక్కోదానికీ ఒక్కో అంకె వెయ్యాలంట."

"ఆ బల్ల మీద బోలెడున్నాయి, లెక్కపెట్టుకో తల్లీ. నన్ను కదిలించకు, బొత్తాలకి పోవాలి."

ఇదీ తండ్రిగారు చదువు చెప్పిన తీరు.

పిడుగు మొదటి దొంతర చూసి ఆగిపోయింది. ఆరు ముక్కల మీదా ఒకటే ఉంది. ఒకే అంకె రెండుసార్లు వేస్తే తప్పని కిందటి వారమే టీచరు పేజీకి అడ్డంగా గీత కొట్టింది. పాపం, నాన్నకి కూడా లెక్కలు రావు. తడిగుడ్డ తెచ్చి ఆయన తప్పులన్నీ తుడిచేసింది. ఒక్కో ముక్కా తీసి, కొత్త అంకె వేసి, మళ్ళీ అదే వరసలో పెట్టింది. నలభై ఎనిమిది దగ్గర ముక్కలు అయిపోయాయి. నాయనమ్మ పీట మీద నలభై తొమ్మిది వేసింది. కొలత కోసం బ్యాండు మాస్టరు వదిలివెళ్ళిన నల్లచొక్కా వీపు మీద యాభై వేసి, బడికి పోయింది.

దర్జీ తిరిగొచ్చాడు. ఎప్పటిలాగే దొంతర్లు విప్పేసి, కాలర్లన్నీ ఒకచోట, చేతులన్నీ ఒకచోట వేశాడు. ఒక రకం పని ఒకేసారి చేస్తే త్వరగా తెములుతుంది, చివర్లో నంబర్లు చూసి కలుపుకోవచ్చు. మొగుడూ పెళ్ళాం చెరో మిషను మీద కూర్చున్నారు. పదిన్నరకి ముక్కలు కలపబోతూ అతను ఒక చెయ్యి తిరగేశాడు.

"ఏమే, ముప్పై నాలుగో ఆయన ఎవరు?"

"ఉన్నదే ఎనిమిదిమంది కదండీ."

"చెయ్యి మీద ముప్పై నాలుగుంది మరి."

ఆమె ఒక కాలరు చూసింది. "దీని మీద పద్దెనిమిది. ఇవి కొలతలయ్యుంటాయి. డ్రమ్మాయన మెడ పద్దెనిమిదంగుళాలే కదా?"

పద్దెనిమిదే. కొలతలు ఎప్పుడు రాశాడో గుర్తులేకపోయినా, తన ముందుచూపుకి తనే మురిసిపోయాడు దర్జీ. ఆ లెక్కన చేతికందిన ముక్కలు కలిపి డ్రమ్మాయన చొక్కా కుట్టిపారేశాడు. తర్వాతి కాలరు మీద నలభై రెండుంది.

"ఇది మెడా, నడుమా?"

"ఏనుక్కి కూడా కుడతానని ఒప్పుకొచ్చారా ఏంటి?"

మూలనుంచి దర్జీ తల్లి గొణిగింది. "నా పీట మీద నలభై తొమ్మిదని రాశారెవరో. నాకు అరవై రెండర్రా."

పెద్దావిడ మాట ఎవరు వింటారు?

పన్నెండింటికి బ్యాండు మాస్టరు డ్రమ్మాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తొడిగి చూస్తే కుడిచెయ్యి వేళ్ళు దాటింది, ఎడమచెయ్యి మోచేతి దగ్గరే ఆగింది, పొట్ట మీద బొత్తాలూ కాజాలూ ఒకదాన్నొకటి చూసుకోనైనా లేదు.

"ఒక చేత్తోనే వాయించాలా ఈయన?" అన్నాడు మాస్టరు. "చొక్కా అంటే ఎలా ఉండాలో చూడు." తన నల్లచొక్కా తొడుక్కుని గిర్రున తిరిగాడు. వీపు మీద తెల్లగా యాభై. అంత కోపంలో ఉన్న మనిషికి ఆ సంగతి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. "ఐదింటికి ఎనిమిదీ రాకపోతే గుడ్డ వాపసు ఇచ్చెయ్. పక్కవీధిలో ఇంకో దర్జీ లేకపోలేదు." అదే చొక్కాతో వెళ్ళిపోయాడు.

అప్పుడే పిడుగు బడినుంచి మొహం వేలాడేసుకుని వచ్చింది. పుస్తకంలో ఎర్రసిరాతో ఇలా ఉంది: "ఎనిమిది చొక్కాలను నలభై ఎనిమిది అంటోంది. పరిశీలన లేదు. లెక్క రాదు. తండ్రి సంతకం చేయవలెను."

అలవాటుకొద్దీ కలం తీసిన దర్జీ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ పుస్తకం చదివాడు. రెండుసార్లు చదివాడు.

"బల్ల మీద అంకెలు నువ్వేశావా తల్లీ?"

"నువ్వు అన్నీ తప్పులేశావుగా, దిద్దాను."

"ఇప్పుడు ఏది ఎవరిదో ఎట్లా తెలుస్తుందే?"

పిడుగు తండ్రిని జాలిగా చూసింది. "ఒకటి నించి ఆరు దాకా మొదటి మామయ్యవి. ఏడు నించి పన్నెండు దాకా రెండో మామయ్యవి. చూస్తే తెలీట్లా?"

నాయనమ్మ లేచి పీట ఇచ్చింది. నలభై తొమ్మిది మీద కూర్చుని పిడుగు అంకెలు పిలుస్తుంటే తల్లి ముక్కలు ఏరింది, తండ్రి డ్రమ్మాయన చొక్కా కుట్లు విప్పి మొదటికొచ్చాడు. ఐదుకి పది నిమిషాలుండగా ఎనిమిది చొక్కాలూ తీగ మీద వేలాడాయి.

ఐదేళ్ళ పిల్ల చూసింది, లెక్కపెట్టింది, వరస తప్పలేదు. ఏం లెక్కపెట్టావని ఆ టీచరు ఒక్క ప్రశ్న అడగలేదు. కాబట్టి రేపు పొద్దున గంట కొట్టకముందే ఆ "లెక్క రాదు" కొట్టెయ్యాలి. రాసినామె ఒక పూట వచ్చి ఆ బల్ల దగ్గర నిలబడి ముక్కలు కలిపి చూపించాలి. తండ్రి చదవకుండా ఇంకో సంతకం పెడితే సుద్ద లాక్కోవాలి.

పిల్ల యాభై దాకా లెక్కపెట్టిందనడానికి రుజువు కావాలంటే మైదానానికి వచ్చినవాళ్ళను అడగండి: బ్యాండు మాస్టరు గంటసేపు వాళ్ళకి వీపు పెట్టే నిలబడ్డాడు.