కణంలో ఆ పంపులు పీకేయండి!

విశ్రాంతిని మించిన రోగం లేదని నా గట్టి నమ్మకం. కూర్చున్నవాడు చెడ్డాడు, నడుం వాల్చినవాడు ఇంకా చెడ్డాడు! అందుకే మా గోడౌన్‌లో మిగిలిన ఒక్కగానొక్క బెంచీని సోమవారం తీసేస్తామని మేనేజరు గారు గ్రూపులో మెసేజ్ పెట్టగానే, అందరికంటే ముందు బొటనవేలు ఎత్తింది నేనే.

మా గ్రూపు సంగతి మీకు తెలియదు కదూ! లారీ వచ్చినా మెసేజే, రాకపోయినా మెసేజే. "అందరూ అలర్ట్‌గా ఉండాలి" అని వస్తుంది. ఎందుకని అడక్కూడదు. "యస్ సార్" కొట్టాలి. కొట్టనివాణ్ణి మైకులో పిలుస్తారు. ఇది నాకెంతగా ఒంటబట్టిందంటే, మొన్న భోజనాల దగ్గర మా ఆవిడ "ఆ ఉప్పు ఇలా ఇవ్వండి" అంటే, "యస్ సార్!" అని లేచి నిలబడ్డాను.

"ఇన్నేళ్ళ కాపురంలో ఇవాళ చెప్పగానే లేచారు" అని ఆవిడ మురిసిపోయింది. ఇది లాభం కాదా?

ఇంత క్రమశిక్షణలో ఉంటే, శత్రువు నా ఒంట్లోనే ఉన్నాడని తర్వాత తెలిసింది. పెట్టెలు ఎత్తుతుంటే పిక్క పట్టేసింది. పిక్క కాదండీ, బండరాయి! కుంటుకుంటూ ఇల్లు చేరితే, కాలేజీలో జీవశాస్త్రం చదివే మా రెండో అమ్మాయి నూనె రాస్తూ పాఠం మొదలెట్టింది.

"పిక్క పట్టడానికి సవాలక్ష కారణాలుంటాయి నాన్నా. మామూలుగా అయితే నరం నుంచి కబురు రాగానే కండ కణంలో కాల్షియం వరదలా పెరుగుతుంది. కండ బిగుస్తుంది. పనైపోగానే చిన్న చిన్న పంపులు దాన్ని తోడేస్తాయి. కొంత లోపలి అరలోకి, కొంత బయటికి. అప్పుడే కండ వదులవుతుంది."

"తోడెయ్యడం దేనికే? మళ్ళీ కబురొస్తే మళ్ళీ తెచ్చుకోవాలిగా! అక్కడే ఉంచుకుంటే పోలా?"

"ఆగకుండా మోగే గంటని ఎవరు వింటారు నాన్నా? తర్వాతి కబురు తెలియొద్దూ? పైగా ఎక్కువసేపు ఉంటే కణమే చచ్చిపోతుంది."

చూశారా ఆ కణం పొగరు! కబురొచ్చింది, పని చేసింది, చేతులు దులుపుకుంది! "యస్ సార్" లేదు, పాడూ లేదు. పైగా అలా తోడడానికి ఖర్చొకటి! మనం తిన్న తిండిలోంచి వచ్చే శక్తిలో ఆ పంపులకూ వాటా పోవాలట. ఊరికే వదులవడానికి కూడా బడ్జెట్టా?

గుండె సంగతి వింటే మీరూ మండిపడతారు. ఒకసారి కొట్టుకోగానే కాల్షియం తోడేసి, వదులై, రక్తం నింపుకుని, అప్పుడు గానీ మళ్ళీ కొట్టుకోదట. పుట్టిన దగ్గర్నుంచీ డ్యూటీలో ఉన్నానని పేరు, దెబ్బకీ దెబ్బకీ మధ్య బెంచీ ఎక్కుతోంది దొంగమొహంది! దాన్ని మైకులో పిలవరేం?

"మరి పంపులన్నీ ఆగిపోతే?" ఆశగా అడిగాను.

"శవం కట్టెలా బిగుసుకుంటుంది చూడు, దానికి ఇదీ ఒక కారణం."

అదీ మాట! ఎంత చక్కటి ఉద్యోగి! వదులవడు, ఆవలించడు, టీ అడగడు, బెంచీ ఊసెత్తడు. ఒంట్లో ప్రతి కండా అలర్ట్! మా మేనేజరు గారు ఇన్నాళ్ళుగా వెతుకుతున్నది ఇలాంటివాడి కోసమే. ఒకటే లోపం, మెసేజ్‌కి బొటనవేలు ఎత్తడు. అదీ ముందే ఎత్తించి పెట్టుకుంటే కాసేపు అలాగే ఉంటుంది!

మర్నాడు ధైర్యం చేసి ఆయనకే విన్నవించాను. "సార్, నా పిక్కల్లో పంపులకి కాస్త టైం కావాలిట."

"ఏ కంపెనీవయ్యా?" అన్నారు ఫోన్లోంచి తలెత్తకుండా.

"పుట్టుకతో వచ్చినవి సార్."

"పాతవన్నమాట. సోమవారంలోగా మార్పించెయ్."

మార్చడం కుదరదట, అమ్మాయిని అడిగాను. కాబట్టి అయ్యా, నాకు విశ్రాంతి వద్దు. ఛీ ఛీ, ఆ మాటే ఎత్తకండి! నేనంటే ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, నాలుగు చీవాట్లు పెడితే వింటాను. ఆ పంపులు బడి మొహమే చూడలేదు. వాటికి మెసేజ్ చదవడం రాదు, మైకు వినపడదు. పాపం, వాటి కోసమైనా ఆ బెంచీ ఉంచండి. ఎటూ నా పిక్కల్లోనే ఉన్నాయి గనక, వాటికి తోడుగా నేనూ కూర్చోక తప్పదు.