నాలుగు నిమిషాల్లో ముగించవలసిన పాట

…పైగా, ఆగడం ఒక జబ్బని నిర్ధారించింది నేనే కదా. కాగితం మీద రాసి, కింద సంతకం కూడా పెట్టాను: "బృందమునందు కాలస్పృహ లోపించినది. తగు చికిత్స జరుగుచున్నది." మనస్తత్వ శాస్త్రం మీద పదకొండు పుస్తకాలు చదివినవాణ్ణి. అందులో తొమ్మిది నా గురించే రాసినట్టున్నాయి. అంచేత మిగిలిన రెండింటి ఆధారంగా ఇతరులకు రోగాలు నిర్ణయిస్తుంటాను.

మా కేంద్రంలో పద్నాలుగు మంది పెద్దవాళ్లు పగలంతా గడుపుతారు. మేధో వైకల్యం ఉన్నవారని రిజిస్టరులో రాస్తాం. వాళ్లు కవర్లు అంటిస్తారు, మొక్కలకు నీళ్లు పోస్తారు, మూడింటికి నా గదికి వచ్చి పాట నేర్చుకుంటారు. నేను కచేరీలు చేయవలసినవాణ్ణి. లోకం అందుకు ఇంకా సిద్ధపడలేదు కనుక, పదహారేళ్లుగా తాత్కాలికంగా ఇక్కడ ఉన్నాను.

వీళ్లకొక అలవాటు. పాటలో ఒక పాదం పూర్తికాగానే అందరూ ఆగిపోతారు. వరస చివర నిలబడే నిదానం బాబాయికి యాభై ఎనిమిదేళ్లు; మాట ఆయన నోటిదాకా రావడానికి చాలా దూరం నడవాలి. ఆయన తన పాదం ముగించేదాకా తక్కిన పదముగ్గురూ రెండోది ఎత్తుకోరు. ఇలా చేయమని ఎవరూ నేర్పలేదు. మాన్పిద్దామని తాళం వేశాను, బల్ల చరిచాను, ఎర్రగుడ్డ ఊపాను. గుడ్డ బాగుందన్నారు.

మూడు నిమిషాల పాట తొమ్మిది నిమిషాలు పట్టేది.

వార్షికోత్సవం రేపనగా కార్యదర్శిగారు పిలిచారు. "మాస్టారూ, ముఖ్య అతిథిగారు పాటకు నాలుగే నిమిషాలిచ్చారు. ఆయన ఉపన్యాసానికే ఇరవై కావాలట. ఆ చివరాయన సంగతేదో మీరే చూడండి."

చూశాను. అడ్డు తీసేస్తే ప్రవాహం సాగుతుందని ఆ రెండు పుస్తకాల్లో ఒకదానిలో ఉంది.

"బాబాయ్, రేపు మీకు ముఖ్యమైన పని. నోరు మూసుకుని నిలబడాలి."

"ఎంతసేపు?"

"పాట అయ్యేదాకా."

ఆయన చొక్కా గుండీ తడుముకున్నారు. "అక్క వస్తోంది మాస్టారూ. పాడతానని చెప్పాను."

"అక్కకి కనబడతారుగా."

చాలాసేపు ఆలోచించి, "సరే" అన్నారు. ఆ "సరే" నా వెంట ఇంటిదాకా నడిచొచ్చింది. దానివల్ల నాకు కలిగిన బాధ పేరేమిటా అని తొమ్మిది పుస్తకాలూ తిరగేశాను. పేరు దొరికింది. బాధ తగ్గలేదు. పేరు దొరికినందుకు కాస్త గర్వపడ్డాను కూడా.

మర్నాడు సభ దిగ్విజయంగా ప్రారంభమైంది. ముఖ్య అతిథిగారు మైకు సవరించుకున్నారు. "సోదరసోదరీమణులారా! ఎవరినీ వెనక వదలనిదే సమాజం! వీరి కోసం మనమంతా ఒక్క క్షణం ఆగుదాం!" ఈ విషయాన్ని ఆయన ఆగకుండా ముప్పై ఒక్క నిమిషాలు చెప్పారు. తర్వాత గడియారం చూసుకుని, పాట త్వరగా కానివ్వమని నాకు వేలితో సైగ చేశారు.

మూడో వరసలో నిదానం బాబాయి అక్క కూర్చుని ఉంది. ఒక చెవి వినబడదు కాబోలు, మంచి చెవిని వేదికవైపు తిప్పుకుంది.

నేను చెయ్యెత్తాను. "పొద్దు పొడిచింది, తలుపు తీయండి" అని పదముగ్గురూ పాడారు. చక్కగా పాడారు. ఆగారు.

రెండో పాదానికి చెయ్యి ఊపాను. ఎవరూ ఎత్తుకోలేదు. అందరూ వరస చివరివైపు చూస్తున్నారు. చివర నిదానం బాబాయి గడ్డం పైకెత్తి, పెదాలు బిగించి, అప్పజెప్పిన పనిని ప్రాణం పెట్టి చేస్తున్నారు. పాట అయ్యేదాకా ఆయన నోరు తెరవరు. ఆయన నోరు తెరిచేదాకా పాట అవదు. ఈ ఏర్పాటు చేసినవాడు పదకొండు పుస్తకాలు చదివాడు.

"మాస్టారూ, కానివ్వండి! పరువు పోతోంది!" తెర పక్కనుంచి కార్యదర్శిగారి గుసగుస.

మళ్లీ ఊపాను. కవర్ల బల్ల దగ్గర అందరి మీదా పెత్తనం చేసే పెద్దమ్మాయి మైకు దగ్గర నిలబడి ఉంది. నా మీద జాలిపడి, మైకులోనే చెప్పింది: "చెయ్యి దించండి మాస్టారూ, నొప్పెడుతుంది. ఆయనది ఇంకా అవలేదు."

వెనక కుర్చీలు కదిలాయి. ముఖ్య అతిథిగారు లేచినట్టున్నారు. ఆయన లేస్తే లేవడమే మర్యాద అని తెలిసిన పెద్దలంతా లేచారు. వాళ్లలో మీరూ ఉన్నారేమో తెలియదు. నా వీపు మీవైపు ఉంది. ఉన్నా నేనేమీ అనుకోను. నాకు తెలిసినవాళ్లలో అందరికన్నా ముందు వెళ్లిపోయేది నేనే.

చెయ్యి దించాను. నిదానం బాబాయి దగ్గరికి వెళ్లి, "బాబాయ్, నేను తప్పు చెప్పాను. మీరు పాడండి" అన్నాను.

ఆయన ఆలోచనలో పడ్డారు.

నేను ఆగాను.