చెల్లెలి పాటకు ముప్పై సెకన్లు చాలు

పాట మొత్తం వినడం ఒంటికి మంచిది కాదు! ముప్పై సెకన్లు చాలు. ఆ సంగతి మనకు నేర్పిన రీల్స్‌కు చేతులెత్తి మొక్కాలి. నమ్మరా? అయితే కొబ్బరితోట బ్యాండ్ కథ వినండి.

తమిళనాడు కినత్తుకడవులో మా తెలుగువాళ్ల వీధి బ్యాండ్ అది. మదన్ గిటారు, దొరై డప్పు, యువరాణి గొంతు. యువరాణి తన అవ్వ చెన్నమ్మాళ్ దగ్గర నేర్చుకున్న పాటలనే తొమ్మిదేళ్లు ఊరూరా పాడారు. వినడానికి ఎప్పుడూ పదిహేనుమందే. అందులో నలుగురు మైకుసెట్టువాళ్లు!

ఆ పాటల్లో ఒకటి చెల్లెలి పాట. బావిలో పడి చనిపోయిన చెల్లెలి కోసం అవ్వ కట్టుకున్న ఏడుపు పాట. ఆరు నిమిషాలు! అంతసేపు ఏడవడానికి ఎవరికి తీరిక?

నిరుడు ఎవరో పుణ్యాత్ములు మొదటి ముప్పై సెకన్లు కత్తిరించి రీల్ చేశారు. ‘లేచి రావే, పూలు పెడతా, గాజులేస్తా’ అన్నంతవరకే. కోటి వ్యూస్! నగల కొట్టు ఓపెనింగ్‌కు అదే, చెవులు కుట్టించడానికి అదే. ఒట్టన్‌చత్రం మార్కెట్లో టమాటా లారీలోనూ అదే!

వెంటనే మదురైలో ఒక పెద్ద పెళ్లికి బ్యాండ్‌ను పిలిచారు. అవ్వ కూడా వచ్చింది. యువరాణి పాట ఎత్తుకోగానే హాలంతా ఎగిరింది. ఆమె ఆపకుండా ‘నీళ్లలో నీ జడ తేలెనే’ అని రెండో చరణంలోకి వెళ్లింది.

ఈవెంట్ మేనేజర్ సత్యరాజ్ స్టేజీ మీదికి పరిగెత్తాడు. “అయ్యో, అది వద్దు మేడం! ముందుదే మళ్లీ పాడండి, మళ్లీ మళ్లీ!”

యువరాణి మైకు కింద పెట్టేసింది. సత్యరాజ్ ఫోన్లో రీల్ పెట్టాడు. డాన్సు ఒక్క నిమిషం కూడా ఆగలేదు. చూశారా సౌకర్యం? పాడే మనిషి కూడా అక్కర్లేదు!

బ్యాండ్ ఆ రోజుతో సరి. మదన్ ఇప్పుడు తేని ఊళ్లో ఏలకుల వ్యాపారం చేస్తున్నాడు. రీల్ మాత్రం చిరంజీవి.

ఇంకొక్కటి చెప్పాలి. ఆ పెళ్లిలో ముందు వరసలో ఎగిరినవాళ్లలో నేనూ ఉన్నాను. అవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“నాయనా, మా చెల్లి సచ్చిపోయిండాది. ఈళ్లు యాల ఎగురుతుండారు? నీకు మన మాట తెలుసు కదా?”

మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. రెండో చరణం నాకు ప్రతి ముక్కా అర్థమైంది.

“తెరియాదు పాట్టీ” అని, తెలుగు తెలియనట్టే తమిళంలో చెప్పి, మళ్లీ ఎగిరాను.