కమలమ్మ బహుమతి, ఇరవై ఎంబీలు

శాలేమురాజులో చెడ్డగుణం ఒక్కటంటే ఒక్కటి లేదు. పొరపాటు చేయకపోవడమే ఆయనతో వచ్చిన చిక్కు. బాపట్ల వెళ్ళాల్సిన పెళ్ళాన్ని రేపల్లె రైలెక్కించిన రోజున కూడా, “మా అక్కను చూసి చాలా రోజులైందిగా” అన్నాడు. తెనాలిలో కాలువల ఆఫీసు సూపరింటెండెంటు. ‘సరిచూడబడినది’ అని ముద్ర వేయనిదే ఏ కాగితాన్నీ కదలనివ్వడు. పదిహేడేళ్ళుగా ఆ ముద్రతోనే కాపురం చేస్తోంది కరుణశ్రీ.

2008లో ఒక శనివారం పొద్దున, టిఫిన్ కాగానే ఒక చిన్న పని ముగించాలనుకున్నాడాయన. పది రోజుల కిందట బాపట్లలో మూడు ఊళ్ళ చర్చిలకూ పాటల పోటీ జరిగింది. ఆయన అక్క కమలమ్మకు మొదటి బహుమతి వచ్చింది. రేపల్లె చర్చి క్వయిర్‌కు పెద్దను ఎన్నుకునేది రేపే. ఈలోగా తమ్ముడి దగ్గరున్న పోటీ వీడియో చర్చి వెబ్‌సైటులో కనిపిస్తే ఇక తనకు తిరుగుండదని అక్క ఫోన్ మీద ఫోన్ చేస్తోంది.

ఆ పోటీలో కరుణశ్రీకి దక్కింది మాత్రం చెప్పులు మారిపోవడం. భోజనాలప్పుడు ఆమె కొత్త జత ఎవరో వేసుకుపోయారు. వేదిక మీద చెప్పించినా లాభం లేకపోయింది. మిగిలిన పాత జతతో ఇల్లు చేరింది. “కాళ్ళకున్నవే కాపాడుకోలేవు” అని పది రోజులుగా మొగుడి దెప్పులు.

ఆయన సలహా కోసం నెట్ సెంటర్ జానీ బాషాకు ఫోన్ చేశాడు.

“మీ ఫైలు ఏడొందల ఎంబీ అంటున్నారు కదండి. వెబ్‌సైటు ఇరవైకి మించి తీసుకోదు. ఫార్మాట్ మార్చి బాగా కుదించాలండి. సీడీ పంపండి సార్, నేను చేసిస్తా.”

“నాకు చేతకాదనా?” అని ఫోన్ పెట్టేశాడు.

“పాటా, బహుమతీ ఉంచి మిగతాది కత్తిరించరాదూ?” అంది కరుణశ్రీ.

“పాస్టరు గారి ప్రసంగం కత్తిరించమంటావా? అధ్యక్షుల వారినా?”

ఎవరినీ కత్తిరించలేదు. అందరినీ కుదించాడు. మొదటిసారి మూడొందలకొచ్చింది, రెండోసారి తొంభైకి. నాలుగోసారి పంతొమ్మిదికొచ్చేసరికి వేదిక మీద అందరి మొహాలూ ఇడ్లీల్లా ఉన్నాయి. స్పీకర్లు ఆపి బొమ్మ చూశాడు, బాగుంది. అన్నం తింటూ వెనక్కి తిరిగి మాటలు విన్నాడు, బాగున్నాయి. రెండూ ఒకేసారి చూడాలని మాత్రం తట్టలేదు. వెబ్‌సైటులో పెట్టేశాడు.

మూడింటికి బాపట్ల నుంచి ఫోను. పోటీ రోజున మైకులు చూసుకున్న మత్తయి.

“అయ్యగారూ, వీడియోలో నేను మైకు సర్దుతుంటే పాటొస్తందండి. నాది దేవుడిచ్చిన గొంతంటన్నారు. మా వీధంతా పాడమంటన్నారండి!”

శాలేమురాజు తెల్లబోయేలోగా రేపల్లె నుంచి కమలమ్మ. క్వయిర్‌లో పదకొండు మందిని నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళి మరీ చూపించిందట.

“ఒరేయ్, నేను చేతులు చాచి నవ్వుతా మెట్లెక్కుతున్నాను. ఏం వినపడిందో తెలుసా? ‘నల్ల చెప్పులు, బంగారు రంగు బకిలు. వేసుకెళ్ళిన సోదరి తెచ్చి ఇచ్చేయాలి, ప్రభువు క్షమిస్తాడు’ అని! పాస్టరు గారి చేతికీ నా చేతికీ మధ్య పొట్లం. ఆ మసకలో ఎవరు ఎవరికిస్తున్నారో ఎవడికి తెలుసు? పైగా చప్పట్లు!”

“ఉత్తమ గాయని అని కూడా ఉందే అక్కా.”

“ఉంది! అప్పుడు తెర మీద మత్తయి వైరు చుడుతున్నాడు!”

మాట కంటే బొమ్మ అరనిమిషం ముందు పరుగెడుతోంది. అయినా శాలేమురాజు తగ్గలేదు. “ఫైల్లో అన్నీ ఉన్నాయి. ఏదీ పోలేదు.”

“అన్నీ ఉన్నాయి లేరా! ఎవరి మాట ఎవరి మొహానికి అంటించావన్నదే గొడవ. వస్తున్నానుండు!”

సాయంత్రం రైలుకు దిగింది. గుమ్మంలో చెప్పులు విడిచి, నీళ్ళు కూడా ముట్టకుండా తమ్ముడి ముందు కాగితం పెట్టింది. “తప్పు నీదని రాసివ్వు. రేపు చర్చిలో చదివిస్తా. లేకపోతే నేను చెప్పుల దొంగనే!”

కాఫీ కలపడానికి లేచిన కరుణశ్రీ దారిలో గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగింది. వంగి ఏదో సర్దింది. వంటింట్లోకి వెళ్ళింది.

శాలేమురాజు పెన్ను తీశాడు. చెమట తుడుచుకున్నాడు. ‘పొర’ అని రాశాడు. ఆగాడు.

“వదినా, రైలుకి టైమవుతోంది. ఆయన రాసేలోగా చెప్పులు వేసుకోండి” అంది కరుణశ్రీ.

కమలమ్మ గుమ్మంలోకి వెళ్ళింది. అలవాటుగా పాదాలు పాత జతలోకి దూరాయి. కిందికి చూసింది. పక్కనే తను వేసుకొచ్చిన కొత్త జత, అదే బంగారు బకిలుతో.

“ఇదేంటి, నా చెప్పులు ఇక్కడున్నాయి?” అంది. వంగి రెండు జతలూ మార్చి మార్చి చూసింది.

“ఇద్దరం ఒకే కొట్లో కొన్నాంగా వదినా, మీరు నిరుడు, నేను మొన్న.”

“వేదిక వెనక బహుమతి కోసం ప్రార్థన చేసుకుంటున్నా, ఆ మైకు మాట వింటేగా! ప్రైజొచ్చిన సంతోషంలో చెప్పులు కూడా మెరుస్తున్నాయనుకున్నా.” కమలమ్మ గొంతు తగ్గింది. “తప్పు నాదే అమ్మాయ్. నేనే వేసుకెళ్ళా.”

“చెప్పానా! వీడియోలో ఉన్నది నిజమే!” అని శాలేమురాజు పెన్ను మూసేశాడు.

జానీ బాషా ఆ రాత్రికి ఫైలు సరిచేసి పెట్టాడు. మర్నాడు కమలమ్మ క్వయిర్ ముందు చెప్పుల సంగతి తనే చెప్పేసింది. నవ్వులయ్యాక ఆమెనే పెద్దగా ఎన్నుకున్నారు.

ఆ కాగితాన్ని కరుణశ్రీ బీరువాలో దాచింది. ఉన్నవి రెండక్షరాలే గానీ, పదిహేడేళ్ళలో ఆయన అంత దూరం రావడం అదే మొదలు.